బెల్టు పెట్టుకోని మనిషి

నల్లగొండలో ఒక కిరాయి ఇల్లు. మంచం మీద కోడలు స్నేహలత, పక్కన జావ గిన్నె పట్టుకొని అత్త నర్సింగమ్మ.

"గా బట్టలెందుకు సదురుతున్నవో చెప్పరాదు బిడ్డా. జావ సల్లారిపోతాంది."

"మా అన్న వస్తుండు అత్తమ్మా. మోత్కూరు పోత."

"ఐలేశమా? ఎప్పుడు ఫోన్ జేసినవ్? నాతోని ఒక్క మాటన్న..."

"పొద్దుగాలనే చేసిన."

"దవడకు కట్టిన తీగలు మొన్ననే ఇప్పిరి. మోకాలు ఇంక మడుస్తలేవు. గీ కాలేసుకొని గంత దూరం ఎట్ల పోతవే? లింగస్వామికి చెప్పినవా?"

"లేదు. మీ కొడుకుతోని నాకిగ మాటల్లేవు."

"ఏమన్నడు వాడు?"

"ఇప్పుడేమనలే."

"మల్ల?"

"నిన్న నువ్వు పాపను తెచ్చెటందుకు బడికి పోయినవు గదా. అప్పుడు ఇక్బాల్ బీ వచ్చింది."

"ఏ ఇక్బాల్ బీ?"

"మర్రిగూడ తొవ్వల సీతాఫలాలు అమ్ముతది చూడు, ఆమె. మన కారు కల్వర్టు గోడకు గుద్దినప్పుడు అందరికంటె ముందుగాల ఉరికొచ్చింది ఆమెనే. నన్ను బయటికి గుంజింది ఆమెనే. దవాఖాన పని మీద నల్లగొండకొచ్చి, ఎట్లున్ననో చూద్దామని అడుగుకుంట అడుగుకుంట ఇల్లు పట్టింది."

"అయ్యో, మంచి మనిషి. జరసేపు ఉంచకపోయినవా, చాయ్ పోస్తుంటి."

"ఆమె ఏమన్నదో ఎరికేనా?"

"ఏమన్నది?"

"కారు సీటు బెల్టుకు ఇనుప బిళ్ళ ఉంటది గదా, అది నా కొంగుల చిక్కుకున్నదట. ఎంత గుంజినా నేను రాకపోతే, కొంగు చింపి ఇడిపిచ్చిందట."

"ముందుగాల జావ తాగు."

"ఇన్నవా అత్తమ్మా? బెల్టు బిళ్ళ. నా కొంగుల."

"ఇన్న. గా గడిబిడిల ఆమె ఏం జూసిందో ఏమో. నేను గూడ కార్లనే ఉంటి గదా. ఎనుక గూసున్న నాకే ఏం కండ్లవడలే."

"నేను పెట్టుకున్న అత్తమ్మా. కారెక్కంగనే పెట్టుకున్న. టక్కుమని పడ్డది గూడ ఇన్న. బర్రె అడ్డమొచ్చింది, ఆయన బండి పక్కకు తిప్పిండు, గోడ తగిలింది. అప్పుడు ఊడింది అది. నేను ఇడువలే, అదే నన్ను ఇడిచింది."

"సరే, పెట్టుకున్నవు. ఇప్పుడు ఏమాయె? పానం దక్కింది..."

"ఏమాయెనా? నా దవడ కట్టేసి ఉన్నన్ని దినాలు ఆయన ఊరందరికీ ఏం చెప్పిండు?"

"గదంత ఇప్పుడెందుకే?"

"పోలీసులకు చెప్పిండు. డాక్టరుకు చెప్పిండు. చూడనీకొచ్చిన ప్రతి మనిషికి చెప్పిండు. ఎన్నిసార్లు చెప్పినా ఇనదు, చీర నలుగుతదని బెల్టు పెట్టుకోదు అని. చీర నలుగుతదట. నేను ఎన్నడన్న అన్ననా గా మాట?"

"అనలే."

"మా అన్న మంచం పక్కన నిలవడి తిట్టిండు. చదువుకున్నదానివి, నీకు బుద్ధి లేదా అన్నడు. నాకు నోరు రాదు. కాదు కాదని తలకాయ ఊపిన. అప్పుడు మీ కొడుకు నా చెయ్యి వట్టుకున్నడు. 'పోనీ బావా, ఇప్పుడామెను ఏమనకు' అన్నడు. గంత ప్రేమగ, పావురంగ. మా అన్న ఆయనకే దండం బెట్టిపోయిండు."

"అప్పటి మాటలు అప్పటికి పోయినయి బిడ్డా."

"యాడికి పోయినయి? పాప వచ్చి, అమ్మా బెల్టు ఎందుకు పెట్టుకోలే, మా టీచర్ రోజూ చెప్తది గదా అన్నది. పలక మీద రాసిచ్చిన, తప్పు నాదే అని. నా చేత్తోని నేనే రాసిన. ఎందుకు రాసిన్నో తెల్సా?"

"ఏడ్వకే. దవడ నొస్తది."

"అప్పటికి నేనే నమ్మిన. పక్కన గూసున్న మనిషి అబద్ధమెందుకు చెప్తడనుకున్న. టక్కుమన్నది ఇంకెప్పటిదో అయ్యుంటది, దెబ్బకు నాకు మతి తప్పింది అనుకున్న. నా చెవులను నేను నమ్మలే, ఆయన నోటిని నమ్మిన. నిన్న ఇక్బాల్ బీ చెప్పేదాంక నాకు నేనే దొంగ లెక్క ఉంటి."

"వాడు కావాలని చెప్పలేదే."

"ఏంది?"

"ఏం లేదు. తాగు."

"కావాలని చెప్పలేదంటే? అంటే చెప్పింది అబద్ధమని నీకెరికే."

"నాకేం ఎరిక? నేను చదువుకున్ననా, ఏమన్ననా?"

"అత్తమ్మా, నా దిక్కు చూడు."

"గిన్నె పట్టు, జావ తాగు."

"చూడు."

"వాని సేటు వచ్చిండు దవాఖానకు. నువ్వు లోపట ఉన్నవు. వరండల వీన్ని పక్కకు తీస్కపోయి మాట్లాడిండు."

"ఏమన్నడు?"

"మన కారు వాళ్ళ దుకాణందే గదా. పాత బండ్లు కొని, బాగు జేసి అమ్ముడే వాళ్ళ పనాయె. అన్ని చెక్ జేసినం అని దుకాణం ముంగట ఇంత పెద్ద బోర్డు పెట్టుకున్నరు. బెల్టు ఊడిందని బయట పడితే రేపటి సంది ఒక్కడన్న కొంటడా అన్నడట. నీ నౌకరి ఉండాలంటే, నీ పెండ్లాం బెల్టు పెట్టుకోలేదని చెప్పు అన్నడట."

"ఈయన చెప్పిండు."

"చెప్పక ఏం జేస్తడు? ఇల్లు గడవాలె."

"నీకెప్పుడు చెప్పిండు గీ సంగతి?"

"అప్పుడే. ఇంటికొచ్చినంక."

"అంటే నాకు గొట్టం బెట్టి జావ తాపినవు, తల దువ్వినవు, మూతి తుడిసినవు. మా అన్న నన్ను తిడుతుంటె పక్కన నిలవడ్డవు. అన్ని దినాలు నీకెరికే."

"ఏం జెయ్యమంటవు బిడ్డా? కొడుకాయె."

"నేను నిన్ను అవ్వ లెక్కనే చూసుకున్న అత్తమ్మా."

"నేను నిన్ను బిడ్డ లెక్క చూసుకోలేదా? చెప్పు. నా చేతుల దిక్కు చూసి చెప్పు. ఒక్కనాడన్న మొకం తిప్పిన్నా?"

"తిప్పలే. గందుకే ఎక్కువ గోసైతాంది."

"పోకే. పాపను తీస్కపోతవు, ఇల్లు పాడువడుతది. వాడు గూడ మంచిగ లేడు. తిండి తింటలేడు, మనిషి సగమైండు. నీ మంచం దిక్కు రానీకె భయపడుతుండు."

"నేనేమన్న కొడుతనా?"

"నీ కండ్లు జూస్తే భయమంటడు."

"అది నాకు చెప్పొచ్చు గదా అత్తమ్మా. నేను పరాయిదాన్నా? బెల్టు ఊడుడు ఆయన తప్పు కాదు. పాత బండి, అది ఊడుతదని ఎవరు కలగన్నరు? సేటు బెదిరిచ్చిండు, నౌకరికి భయపడ్డడు. అది గూడ సమజైతది నాకు. బయట అందరికీ ఏమన్న చెప్పుకోనీ. గీ ఇంట్ల తలుపు దగ్గరికేసి, నా చెవుల ఒక్కపారి, 'స్నేహలతా, నువ్వు పెట్టుకున్నవు, నీ తప్పు లేదు' అంటే ఏం పోతుండె?"

"అనాలె. అనాల్సి ఉండె."

"నా నోరు కట్టేసిన దినాలల్ల గా ఒక్క మాట నాకు మందు కంటె ఎక్కువ పనిజేస్తుండె."

"నిజమే బిడ్డా. నేను కాదంటలేను. ఇయ్యాల వాడు రానీ, నీ ముంగట గూసోవెట్టి చెప్పిపిస్త. నేను చెప్తే ఇంటడు."

"నా ముంగట కాదు. పాప ముంగట చెప్పాలె. మా అన్న ముంగట చెప్పాలె."

"చెప్తడు."

"పోలీసులకు గూడ చెప్పాలె. గా దుకాణంల ఇంకెన్ని బండ్లున్నయో. ఎవరో ఆడిమనిషి గట్లనే టక్కుమన్న చప్పుడు ఇని, ఇగ ఫికర్ లేదని గూసుంటది."

"నౌకరి పోతది గదే."

"పోతే పోనీ. నేను లేస్త గదా నాలుగు దినాలైతే. మిషన్ కుడత. ఇద్దరం చేసుకుంటె బతకలేమా?"

"గంతేనా? గవన్ని చెప్తే ఉంటవా?"

"ఉంట. నాకు మాత్రం ఇల్లిడిసి పోవాలని ఉన్నదా? గీ మూతి మీద కుట్లతోని మోత్కూరుల అందరికీ జవాబు చెప్పుకుంట తిరగాలని ఉన్నదా?"

"మా తల్లే. అయితే మీ అన్నకు ఫోన్ జెయ్యి, రావద్దని."

"రానీ. ఆయన మాట మా అన్న ఇనాలె గదా. ఇని పోతడు. బట్టల సంచి జర కిందికి దించు, కాలుకు అడ్డమైతాంది."

"దించుత. జావ మల్ల వేడి జేసుకొస్త ఉండు."

"వద్దు, గట్లనే ఇయ్యి. ఆకలైతాంది."

"తాగు తల్లీ, తాగు. ఇప్పుడు నా పానం నిమ్మలమైంది. వాడు చెడ్డోడు కాదు బిడ్డా. భయస్తుడు గాని పావురం గల్లోడు. నీకు తెల్వదు, గా దినం మర్రిగూడకు ఎల్లేటప్పుడు నువ్వు ఇంటికి తాళం ఏస్తున్నవు. నేను పోయి కారు ముందు సీట్ల గూసున్న. ఉరికొచ్చి చెయ్యి వట్టి దించిండు. 'అమ్మా, నువ్వు ఎనుకకు పో, ముందు సీటు బెల్టు నిలుస్తలేదు, ఊకె ఊడుతాంది' అన్నడు. నేనంటె గంత పానం వానికి."