రాసే చెయ్యి

(మధ్యాహ్నం. పశువుల డాక్టరు గది. తలుపుకి లోపల గడియ. విరగాల్సిన చెయ్యి ఒకటి, విరిచేవాళ్ళు ఇద్దరు.)

“ఏ చెయ్యో ముందే చెప్పండి బాబూ.”

“రాసే చెయ్యి. కోళ్ళ ఫారం ఓనరు గారి ఆర్డరు. అది విరిస్తే మళ్ళీ ఆయన ఫారం మీద కాగితాలు రాయవంట. బల్ల మీద పెట్టు. ఒరేయ్ బక్కోడా, రాడ్డు!”

“అన్నా, నీ జేబు...”

“జేబుకేమైందిరా?”

“ఇందాకటిదాకా కదిలింది. ఇప్పుడు కదలట్లేదు.”

“అయ్యయ్యో! పట్టు, ఈ రాడ్డు పట్టు! పులీ... ఒరేయ్ పులీ... కళ్ళు తెరు నాన్నా...”

“జేబులో పులేంటి బాబూ?”

“కోడిపిల్ల. మా పాప పెట్టింది ఆ పేరు. బడి నుంచి వచ్చేసరికి ఇది చావకూడదు. చస్తే నాతో మాట్లాడదు. పోయినసారి బొమ్మ విరగ్గొట్టానని తొమ్మిదేళ్ళు మాట్లాడలేదు.”

“పాపకి ఎన్నేళ్ళు?”

“ఆరు.”

“ఏదీ, ఇటివ్వండి.”

“ముట్టుకున్నావంటే మెడ విరుస్తా! నీకేం తెలుసు కోడిపిల్లల గురించి?”

“బయట బోర్డు చూళ్ళేదా? పశువుల డాక్టర్ని.”

“బోర్డు చదివే టైమెక్కడిది? వస్తూనే పగలగొట్టాం.”

“సరే. వేణ్ణీళ్ళు కావాలి.”

“ఒరేయ్, వేణ్ణీళ్ళు!”

“ఫ్లాస్కు నేలకేసి కొట్టానన్నా.”

“ఆ బల్లలైటు వెయ్యి, వెచ్చగా ఉంటుంది.”

“అది గోడకేసి కొట్టా.”

“కాస్త చూసుకుని పగలగొట్టాలిరా వెధవా!”

“పిన్నీసు కూడా మిగలకూడదని నువ్వేగా అన్నావ్!”

“బాబూ, లోపలి గదిలో హీటరు ఉంది.”

“అవునా? దాన్ని మేం చూళ్ళేదండీ.”

“చూడకపోవడమే మంచిదైంది. దాని మీద గిన్నెడు నీళ్ళు పెట్టండి. దూది తెండి.”

“అలా మూలుగుతున్నావేంటి డాక్టరూ?”

“మీ తమ్ముడు నా పాదం మీద నిలబడ్డాడు.”

“దిగరా!”

“అలవాటైపోయిందన్నా, గమనించలేదు.”

“ఒక కన్ను మీరు గుద్ది మూసేశారు, రెండోదాంతో చూస్తున్నా. ఇదిగో, దీని వెనకాల రెట్ట ఎండిపోయి దారి మూసుకుపోయింది. ఆఁ ఆఁ, లాగకండి! లాగితే పేగులొస్తాయి.”

“పేగులు మాకు అలవాటే.”

“దానికి అలవాటు లేదు. తడిపి నానబెట్టాలి... మెల్లగా... ఊఁ, వచ్చేసింది. ఇక చక్కెర నీళ్ళు. ఒక్క చుక్క, ముక్కు అంచున.”

“కళ్ళు తెరిచింది! అన్నా, ఏడుస్తున్నావా?”

“నోర్ముయ్! పళ్ళు రాలగొడతా.”

“ఇదొక్కటేనా, ఇంకా ఉన్నాయా?”

“పది ఇచ్చారు. పాప పుట్టినరోజని ఓనరు గారే పంపారు. తొమ్మిది పోయాయి. పిల్లి తినేసిందని పాపకి చెప్పా.”

“నమ్మిందా?”

“మా వీధిలో పిల్లి లేదు.”

“ఇది తెల్లపారుడు రోగం బాబూ. తల్లికోడి నుంచి గుడ్డులోకే వస్తుంది. ఆ ఫారంలో అన్నిటికీ ఉంది. ఒక్క పిల్ల కూడా బయటికి పంపకూడదని రాసి ఇచ్చా. కాగితం మీ కాలి కిందే ఉంది.”

“చదవరా బక్కోడా.”

“రోగమనే ఉందన్నా. కింద ‘అందింది’ అని ఓనరు గారి సంతకం. తేదీ... అన్నా, పాప పుట్టినరోజు ఎప్పుడు?”

“పద్నాలుగు.”

“సంతకం పదమూడున.”

“మళ్ళీ చూడు.”

“పదమూడే అన్నా.”

“...తెలిసే పంపాడా? నా కూతురికి?”

“అన్నా, ఫోను. ఆయనే.”

“ఉండు. డాక్టరూ, ఇది బతుకుతుందా?”

“గంటకోసారి చుక్క పోస్తూ, రెండ్రోజులు చేతుల్లో పెట్టుకుని చూడాలి. అప్పటికీ గట్టిగా చెప్పలేను.”

“చేతుల్లోనా? రెండు చేతులూ కావాలా?”

“రెండూ కావాలి.”

“సరే. నువ్వు హీటరు దగ్గర కూర్చో. ఒరేయ్, రాడ్డు ఇటివ్వు.”

“అన్నా, ఆయన లైన్లోనే ఉన్నాడు. చెయ్యి విరిచారా అంటున్నాడు. ఏం చెప్పను?”

“దారిలో ఉన్నామని చెప్పు. చెప్పి, ఆయన సంతకం ఏ చేత్తో పెడతాడో కనుక్కో.”