ఫౌంటెన్ పైపు విప్పిన మేస్త్రిగారు

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదవ సంవత్సరం జూలై నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, మన బట్టల అద్దకం మిల్లులో పైపుల పనికి సహాయకుడిగా చేరిన పెద్దమనిషి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. హాజరు పట్టీలో ఆయన పేరు ఏదైనా, మిల్లంతటికీ ఆయన చిటపట మేస్త్రిగారే. నూనెలో ఆవాలు పడ్డట్టు మాట్లాడతారని ఆ బిరుదు ప్రసాదించినది సాక్షాత్తు వారి ధర్మపత్నే.

చేరిన కొత్తలో ఆవిరి గొట్టాల కింద పాకి, చేతులు బొబ్బలెక్కించుకుని, పనిని క్షుణ్ణంగా అభ్యసించి, తొలుత ఫిట్టరై, పిమ్మట మేస్త్రియై, లోకువ కట్టినవారిని ఉపేక్షించక, కష్టంలో ఉన్నవారిని విడువక నిలిచారు. కుళాయి కారుతోందని కబురు వస్తే కంచం ముందు నుంచి లేచిపోయేవారు.

"ముందు ఆ ముద్ద మింగండి. కుళాయి ఎక్కడికీ పోదు," అనేవారు ఆ ధర్మపత్ని, మా అందరికీ వదినగారు.

"కుళాయి పోదే, నీళ్ళు పోతాయి!"

మిల్లు వార్షికోత్సవం నాడు పర్యావరణ పరిరక్షణ పేరిట వెనుక వాగు గట్టున మొక్కలు నాటడం యాజమాన్యం ఆరంభించిన ఆచారం. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ నాటిన మర్నాటి నుంచి చుక్క నీరు పోసే నాథుడు లేడు. గట్టు దాకా పైపు వేయించమని మేస్త్రిగారు అడిగినప్పుడల్లా మేనేజరుగారు "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. వచ్చే ఏడు రానే వచ్చేది. ఎండిన పుల్లలు పీకి, అవే గుంతల్లో కొత్త మొక్కలు పెట్టి, అదే బ్యానరు మీద అంకె మార్చి ఫోటోలు దిగేవారు.

కిందటేడు నలభయ్యో వార్షికోత్సవం. అతిథిగారి కోసం ఆఫీసు ముందు ఫౌంటెన్ వెలిసింది. వెనుక ట్యాంకు నుంచి దాని దాకా కొత్త పైపు పరిచారు. దానికి మాత్రం వచ్చే ఏడు అనలేదు! ఆ ఉదయం మేస్త్రిగారు గుంతలో చెయ్యి పెడితే పాత మొక్క పైకి వచ్చింది. వేళ్ళ చుట్టూ ప్లాస్టిక్ సంచి అలాగే ఉంది. ఫోటో తొందరలో దాన్ని చింపే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. దాన్ని అలాగే మేనేజరుగారి ముందుకు పట్టుకెళ్ళారు.

"ఏమిటండీ ఇది? మొక్కలు నాటుతున్నామా, శవాలు పాతుతున్నామా?"

"మెల్లగా, మేస్త్రీ! అతిథిగారు వచ్చే వేళయింది," అన్నారు మేనేజరుగారు.

"రానివ్వండి. ఆయనకూ చూపిద్దాం."

"ఈ ఒక్కసారికి ఊరుకోండి. పైపు సంగతి వచ్చే ఏడు..."

"మీ వచ్చే ఏడు కోసం చూసి చూసి నా మీసాలు నెరిశాయండీ!"

రెంచి పుచ్చుకుని గిరుక్కున తిరిగారు. అతిథిగారు కారు దిగే వేళకు ఫౌంటెన్ గుటుక్కుమంది. చప్పట్లు కొట్టవలసినవారు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా పైపులు విప్పి, భుజానికెత్తుకుని, సాయంత్రానికల్లా గట్టు మీద బిగించారు.

ఆ నేరానికి ఆయనకు రావలసిన సూపర్‌వైజరు పదవి రాలేదు. ఇటువంటివి అభినందన వ్యాసాలలో రాయరు కనుక ఇక్కడ రాయడమైనది.

ఆ మొక్కలు నేడు మనిషి భుజాల దాకా ఎదిగాయి. సిగ్గు విడిచి, వాటి ముందు దిగిన ఫోటోనే యాజమాన్యంవారు మన మిల్లు పత్రిక ఈ సంచిక అట్ట మీద వేసుకున్నారు. అది చాలదన్నట్టు, మేస్త్రిగారు వెళ్ళగానే పైపును మళ్ళీ ఫౌంటెనుకు బిగించాలని గత వారం ఉత్తర్వు వెలువడింది.

మేస్త్రిగారు తిన్నగా మేనేజరుగారి గదిలోకి వెళ్ళి రెంచిని బల్ల మీద ఠంగుమని పెట్టారు.

"విప్పాలంటే తమరే విప్పండి సార్. మా ఫిట్టర్లలో ఒక్కడూ దాని మీద చెయ్యి వెయ్యడు. అందరినీ అడిగే వచ్చాను."

మేనేజరుగారు రెంచి వంక చూశారు, కిటికీలోంచి గట్టు వంక చూశారు. ఇది రాసే నాటికి రెంచి బల్ల మీదే ఉంది, పైపు గట్టు మీదే ఉంది.

మేస్త్రిగారికీ, ఇన్నేళ్ళూ ఆ చిటపటలు భరించిన వదినగారికీ నిండు ఆయుష్షూ, చెక్కుచెదరని ఆరోగ్యమూ కలుగుగాక. ఆయన మోకాళ్ళు నొప్పి పెట్టకూడదు, చూపు మందగించకూడదు, కోపం మాత్రం రవ్వంత కూడా తగ్గకూడదు. ఏటేటా వార్షికోత్సవం నాడు గేటు దగ్గర నిలబడి, "ఏమయ్యా, గట్టుకి నీళ్ళు వస్తున్నాయా?" అని గద్దించాలి.

వస్తున్నాయండీ అని తలెత్తి చెప్పవలసిన పూచీ ఇక మనది.