మూఢంల పోయిన సీటు

ఇప్పుడు నా దగ్గరికొచ్చి ఏం లాభం, ముత్తయ్యా? మూఢం పోయిందని టెంకాయ కొట్టినవు. సిరిసిల్ల బజార్ల సూట్‌కేసు కొన్నవు. మంచిదే. నీ బిడ్డ హైదరాబాద్‌ల చేరే గడువు దాటిపాయె, సీటు ఇంకొకలకు ఇచ్చిన్రు. సూట్‌కేసుల ఏం పెట్టి పంపుతవు తమ్మీ? టెంకాయ చిప్పలా?

అక్కను కాబట్టి అంటున్న. వాడకట్టంత నవ్వుతుంటె నేనొక్కదాన్ని నవ్వకుంటె బాగుండదు గదా!

వర్షకు పరిశోధన సీటు దేని మీద వచ్చింది? గా గురుగ్రహం మీదనే. జగిత్యాల కాలేజీల చదివిన పిల్లకు గసొంటిది దొరుకుడే గొప్ప. నువ్వేమో గురుమూఢంల గడప దాటద్దంటివి. గురువు సూర్యుని పక్కకు పోయి కానస్తలేడు, లేనోన్ని ఏం చదువుతదంటివి. అక్కడి సారుకు ఫోన్ చేసి గదే చెప్పినవట! సారేమన్నడు? 'ఆకాశంలకు పంపిన మిషిన్ గురువు చుట్టే తిరుగుతున్నది, ముత్తయ్యగారూ' అన్నడు. నువ్వు 'అయినా సరే' అన్నవు. శభాష్!

వర్ష నాకు మంచిగ సమజ్ చేసింది. బట్ట నేసే నీ సాంచె పక్కన నిలబడే చెప్పింది. గురువు చుట్టు అయస్కాంతం బలం ఉంటదట. కంటికి కానరాని నలుసులు అండ్ల చిక్కి, సాంచెల దారం మోసే నాడె లెక్క ఆ కొస నుంచి ఈ కొసకు కొట్టుకుంటయట. బయటికి పోలేవు. ఏవో అలలసొంటివి తన్నుతుంటె తన్నుతుంటె జోరు ఎక్కుతనే ఉంటదట. ఆఖరికి ఇనుప పెట్టెల పెట్టినా దూరి, అక్కడికి పోయిన మిషిన్లనే ఖరాబు చేస్తయట.

'ఆ తన్నేది ఏందో, ఎట్ల తన్నుతదో, గదే నేను చూడాలె అత్తా' అన్నది. నువ్వు అక్కడనే ఉంటివి. దారం తెగిందని వంగి ముడి వేస్తుంటివి.

ఏందీ? ఇయ్యాల పంచాంగం చూసే అయ్యగారిని అడిగినవా? ఏమన్నడు?

మూఢం పెండ్లిళ్లకు, ఇండ్లల్ల చేరుడుకేనా? చదువుకు పట్టింపు లేదా? ఓరి నీ! గీ ముక్క అప్పుడడిగితే నోరు పడిపోవునా?

వర్షనా? గా అర్రలనే ఉన్నది. నీ ఇంట్ల ఉండనని నా ఇంటికొచ్చింది. తిండి సక్కగ లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతది. నేను పలకరియ్య, నాకు భయం. ఆమెకు నచ్చజెప్పుమని నన్నడుగుడెందుకు? నువ్వే పో. నాడె ఎగిరొచ్చి తగిలితే మొఖం ఎట్లయితదో సాంచెలు నడిపేటోనివి, నీకు నేను చెప్పాల్నా?

పోవా?

సరే, కూసో. ఛాయ్ తాగు. ఇయ్యాల మంచి రోజంటివి గద. ఏం చేద్దాం మరి, గీ మంచి రోజును?