ఉత్తుత్తి రోగి

మిసిసిపీలో ఒక చిన్న ఊరు. చర్చి అయిపోయిన ఆదివారం మధ్యాహ్నం. పడగ్గదిలో అమ్మమ్మ ఐవరీ బెల్, గుమ్మం బయట మనవరాలు లాట్రిస్.

"తలుపు తీసే ఉందిగా, మళ్లీ కొడతావేంటే పిల్లా?"

"తట్టాలమ్మమ్మా. తట్టకపోతే రేపు పరీక్షలో మార్కులు పోతాయి. పడుకో, నువ్వు రోగివి."

"నాకేం రోగం?"

"ఉత్తుత్తి రోగం. చేతులు కడుక్కున్నాను. అమ్మా, మీ పేరు చెప్పండి."

"అబ్బో, చెప్పండట! నేను వేయించిన కోడి మెక్కి నా పేరే అడుగుతోంది!"

"అమ్మమ్మా!"

"ఐవరీ బెల్."

"పుట్టిన తేదీ?"

"ఆడదాని వయసు అడగడం కూడా నేర్పుతున్నారా?"

"అడక్కుండా మాత్ర ఇస్తే ఫెయిలే. పోయినసారి ఒక్క ముక్క మర్చిపోయి తప్పాను. రేపూ తప్పితే కోర్సులోంచే పంపించేస్తారు. చెప్పు."

"పత్తి తీసే రోజులు. చాల్లే, మాత్ర ఇటు పడెయ్."

"ఇదిగో."

"ఇది పెప్పర్‌మింట్ బిళ్ల!"

"పరీక్షలోనూ ఉత్తుత్తి మాత్రే. రోగి రబ్బరు బొమ్మ."

"రబ్బరు బొమ్మని పేరడిగి బిళ్ల పెట్టడానికి ఏడాది చదువా! అయ్యాక ఏమవుతావు?"

"ప్రాక్టికల్ నర్సుని. ముసలాళ్ల హోమ్‌లో ఉద్యోగం. మాత్రలు, కట్లు, షుగర్ సూదులు. నా పైన పెద్ద నర్సు ఉంటుంది."

"అంటే నువ్వు సగం నర్సువి."

"ముప్పాతిక. పనిచేస్తూ ఇంకా చదివితే పూర్తి నర్సుని."

"ఆ పాతిక ఎక్కడ తక్కువ? తలా, కాళ్లా?"

"జీతం."

"హహ్! నోరు మాత్రం పూర్తిగానే ఉంది."

"నవ్వింది చాలు. మొదట్నుంచీ చేద్దాం. నేనేమన్నా మర్చిపోయానా?"

"ఆఁ. నువ్వెవరో చెప్పలేదు."

"అయ్యో, అదే! పోయినసారీ అక్కడే తప్పాను! మా టీచరమ్మ కన్నా నువ్వే నయం, భలే పట్టేశావు!"

"పట్టెయ్యలేదు."

"మరి?"

"ఇందాకట్నుంచీ ఎలా అడగాలా అని చూస్తున్నా. మంచిదానివే. అమ్మమ్మా అంటున్నావు... ఎవరి పిల్లవే నువ్వు?"

"అమ్మమ్మా, నేనే..."

"ఏడుస్తావేంటి? నేనేమన్నాను?"

"ఏం లేదు. మళ్లీ తలుపు తట్టనా?"

"తట్టు."

"నమస్కారం, ఐవరీ బెల్ గారూ. నా పేరు లాట్రిస్. ఈ పూట మీ నర్సుని నేనే."