కాయిల్ పోవాలని మొక్కుకున్న దేవవ్వ

దేవవ్వ ఎర్కనే గదా మీకు? మా పక్కింటి దేవవ్వ. ఎర్కలేదా, అయితే చేతుల్ల బీడీ ఆకులు పట్టుకొనే ఇనుండ్రి, పని ఆపకుండ్రి. లగ్గం చేసుకున్నోడు భీమండి పోయి ఆడ మగ్గాల కాడ ఇంకోదాన్ని సూసుకున్నడు. పెద్దమనుషుల నడుమ కూసోని విడుపు కాయితం రాసిచ్చి పోయిండు, మల్ల ఈ దిక్కు మొకం సూపలే. ఈ కత మొదలైననాటికి గది జరిగి పదేండ్లు. ఇగ ఇంట్ల ఇద్దరే, దేవవ్వ, ఆమె తల్లి రాజవ్వ. రాజవ్వకు దమ్ము రోగం. నలభై ఏండ్లు బీడీలు చేస్తే ఏమైతది మరి, తంబాకు దుమ్మంత లోపలికే పాయె. దమ్ము లేసిందంటే కండ్లు తేలేస్తది, మాట రాదు, మెడ నరాలు ఇంత లావు ఉబ్బుతయ్. దవాఖానల డాక్టర్ సారు సూసి, మందు గోలీలిచ్చి, దినాం రెండు పూటల ఆవిరి పట్టుమన్నడంట. అప్పుడు తెచ్చిండ్రు ఆవిరి మిషిని. చెంబంత ఉంటది, నీళ్ళు పోసి వైరు పెడితే లోపల కాయిల్ కాగి బుస్సుబుస్సున ఆవిరి తోల్తది. ఆ ఆవిరి పడితే రాజవ్వకు పాణం నిమ్మళం.

గని మన బోరు నీళ్ళు ఎట్లుంటయో మీకు చెప్పాలెనా? గిన్నెల కాస్తే గిన్నెకు తెల్లగ పొర కడ్తది. ఆ పొరే కాయిల్‌కు కట్టింది, కట్టింది, కట్టి ఒకనాడు తీగె పుటుక్కున తెగింది. అప్పుడొచ్చిండు ఓదెలు. ఓదెలు అంటే అవతలి ఊరోడు, టీవీఎస్ బండి మీద ఊరూరు తిరుగుకుంట హీటర్లు, ఇస్త్రీపెట్టెలు, కరెంటు పొయ్యిలు బాగు చేస్తడు. పెండ్లాం సచ్చిపోయి ఆరేండ్లు. పిల్లలు లేరు. మాట తక్వ మనిషి. అచ్చి గడప కాడ నిలవడి, రాజవ్వను సూసి, "ఏమత్తా, దమ్మెట్లున్నది?" అన్నడంట. ఊరి వరుసకు అన్నడు అనుకో. గని తల్లిని అత్త అన్నడంటే బిడ్డ ఏమైతదో మీరే సూసుకోండ్రి. గా మాట దేవవ్వ చెవుల పడ్డది. పడ్డదంటే పడ్డది, ఇగ బయటికి పోలే.

ఓదెలు పని ఎట్ల చేస్తడంటే, మిషిని ఇప్పి, కాయిల్ తీసి, చింతపండు పులుసుల నానవెడ్తడు. చాయ్ తాగేంత సేపు నానాలె. అందుకే చాయ్. నానినంక పాత పండ్లు తోముకునే బ్రష్షుతోని పొరంత రుద్ది రుద్ది తీస్తడు. తెగిన తీగె పారేసి కొత్త తీగెను సైకిల్ చక్రం పుల్లకు తిప్పుకుంట చుడ్తడు, ఒక్కొక్క తిప్పు పక్కపక్కకే, ఒకదాన్నొకటి తాకకుండ. లోపట లోపట లెక్క పెట్టుకుంటడు, పెదవులు కదుల్తయ్ గని సప్పుడు రాదు. దేవవ్వ ఆ పెదవులే సూసుకుంట కూసున్నదంట. పదేండ్ల నుంచి ఆ ఇంటి ముంగట ఒక మొగోడు కూసోని నిమ్మళంగ పని చేసుడు లేదు గదా. అంత అయినంక ఓదెలు లేసి చేతులు కడుక్కొని, "దేవవ్వా, ఇగ రంది వెట్టుకోకు. నేను చుట్టిన కాయిల్ ఆర్నెల్ల దాక పోదు. ఆర్నెల్లు నన్ను పిలిచే పనే పడది" అన్నడంట. మంచి మాటే అన్నడు. గని దేవవ్వకు ఎట్లుండాలె? ఆర్నెల్లా!

ఇగ ఎదురుసూసుడు మొదలువెట్టింది. దినాం మిషినికి వైరు పెడ్తది, అది బుస్సుబుస్సున ఆవిరి తోల్తది. తల్లికి దమ్ము తగ్గిందని సంబురం, కాయిల్ పోతలేదని మనాది. ఎల్లమ్మ తల్లీ, కాయిల్ పోతే కొబ్బరికాయ కొడ్తనని మొక్కింది కూడ! నవ్వుతవేందే, నీకట్ల కాలేనా ఎన్నడు? కాలేకపోతే ఊకో. నెల సూసింది, రెండు నెల్లు సూసింది. బాటల టీవీఎస్ సప్పుడైతే బీడీ చేతుల్లనే ఆగుతది. సూస్తే అది పాలు పోసేటోని బండి. ఏమైందంటే, ఒకనాడు వంటింట్లకు పోయి దొడ్డుప్పు పిడికెడు తెచ్చి మిషిని నీళ్ళల్ల పోసింది. మర్నాడు ఇంకో పిడికెడు. ఉప్పు పొర కట్టి, పన్నెండు దినాలకు కాయిల్ పోయింది. ఫోన్ చేసింది. "ఓదెలూ, కాయిల్ పోయింది." ఆయన బండేసుకొని అచ్చిండు. మల్ల చింతపండు, మల్ల చాయ్, మల్ల సైకిల్ పుల్ల. నెల తిరగక ముందే మల్ల పోయింది. మల్ల ఫోన్. అచ్చినప్పుడల్ల దేవవ్వ కొత్త రైక తొడుక్కుంటది, నేను గోడ మీది నుంచి సూస్తనే ఉంటి. ఆయన గూడ చాయ్ తాగినంక గ్లాసు జల్ది కింద పెట్టకపోతుండె. ఖాళీ గ్లాసునే చేతుల్ల తిప్పుకుంట కూసుంటుండె.

గని మొగోళ్ళ తెలివి ఎట్లుంటదో సూడుండ్రి. నాలుగోసారి అచ్చినప్పుడు ఓదెలు మొకం చిన్నగ చేసుకొని, "దేవవ్వా, ఇరవై ఊర్లల్ల నేను చుట్టిన కాయిల్లు ఏడాది ఏడాది నడుస్తున్నయ్. మీ ఇంట్లనే నిలుస్తలేవు. నా చెయ్యి మీ ఇంటికి అచ్చి రాలేదు. అత్త పాణంతోని పని, నాకు భయమైతది. మల్ల పోతే సిరిసిల్లల ఇంకో మిస్త్రీ ఉన్నడు, ఆయన్ని తోలిస్త" అన్నడంట. రమ్మని దేవవ్వ ఉప్పేస్తే, అదే ఆయన్ని రాకుండ చేస్తున్నది! నోరు తెరిసి నీ చెయ్యి మంచిదే అని అనొచ్చు గదా? అనలే. అంటే ఎందుకు మంచిదో చెప్పాలె. ఆయన బోయినంక ఇగ ఉప్పు ముట్టనని ఒట్టేసుకున్నది. వారం ఆగింది. ఆగి, ఒక్కసారి, ఆఖరుసారి, ఆయన్నే రమ్మని బతిలాడుకుంట అనుకొని మల్ల దినాం ఏసింది. పాణం ఊకోదు గదా.

పది దినాలకు రాజవ్వకు దమ్ము లేసింది. ఎన్నడు లేవనంత. సలికాలం, పొద్దుగూకుతున్నది. దేవవ్వ ఉరికొచ్చి వైరు పెట్టింది, మిషిని సల్లగ పడున్నది. కాయిల్ పోయింది. ముసల్ది మంచం పట్టె పట్టుకొని నోరు తెరుసుకొని గాలి కోసం కొట్టుకుంటున్నది. దేవవ్వ నెత్తి బాదుకున్నది. "అవ్వా, నేనే సంపిన నిన్ను, నేనే సంపిన" అని ఒకటే ఏడుపు. ఆటోకు ఫోన్ చేసింది, ఓదెలుకూ ఫోన్ చేసింది. నేను గూడ ఉరికి, మా ఇంట్ల గంజు గిన్నెల నీళ్ళు కాసి తెచ్చి, ముసలిదాని మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టించిన. అరగంటకు జర తేటవడ్డది, ఆటో అచ్చినా ఎనుకకు తోలినం. అప్పటికి ఓదెలు రానే అచ్చిండు, అంగీ గుండీలు సుత పెట్టుకోలే. మిషిని ఇప్పిండు. అడుగున కరగని దొడ్డుప్పు గడ్డ దొరికింది. నాలికె మీద ఏసుకున్నడు. "దేవవ్వా, ఇది బోరు ఉప్పు కాదు, దుకాణం ఉప్పు. ఎవరేసిండ్రు?" అన్నడు. దేవవ్వ తల కిందికేసి, "నేనే" అన్నది. "ఎందుకు?" అన్నడు. ఉరికొచ్చిన ఇరుగుపొరుగోళ్ళమందరం సూస్తనే ఉన్నం. మంచంల రాజవ్వ చెయ్యి లేపింది. దానికి అంత ఎర్క, తల్లి గదా. "అది... నీ... నీ కోసం..." అని అనబోయింది, దగ్గు తెరలు తెరలుగ అచ్చి మాటను మింగేసింది. దేవవ్వేమో, "ఉప్పేస్తే గొంతు సాఫైతదన్నరు ఎవరో" అని అబద్ధం చెప్పింది.

ఓదెలు మొకం ఎలిగిపోయింది! "అట్లనా! అంటే నా చెయ్యి మంచిదే! నా చేతిల తప్పు లేదు!" అని పసిపోరడు లెక్క నవ్విండు. కూసుండవెట్టి దేవవ్వకు అంత నేర్పిండు. నీళ్ళు కాసి సల్లార్చి వడపోసి మిషినిల పొయ్యాలె. ఎనిమిది దినాలకోసారి చింతపండుల నానవెట్టి, బ్రష్షుతోని కడిగి, తుడిసి, ఆరవెట్టు. తీగె తెగితే గిట్ల చుట్టు. ఆమె చేతులు పట్టుకొని సైకిల్ పుల్ల మీద తిప్పులు తిప్పించిండు. "గిట్ల అర్సుకుంటే ఏండ్లకేండ్లు నడుస్తది. ఇగ నా అవుసరమే లేదు" అని సంబురంగ బండెక్కి పోయిండు.

ఇగ దేవవ్వ గతి సూడుండ్రి. తల్లి పాణమాయె, తప్పుతదా? ఎనిమిది దినాలకోసారి చింతపండు పిసుకుతది, కాయిల్ కడుగుతది. కడిగినకొద్ది అది మంచిగ నడుస్తది. మంచిగ నడిసినకొద్ది ఆయన రాడు. ఆమె చేతులతోని ఆమె ఆయన్ని దూరం చేసుకునుడే గదా అది. కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని కడిగేది, నేను సూసిన. ఒక్క దినం తప్పలే. మూడేండ్లు రాజవ్వ మంచిగ బతికింది, మంచిగనే పోయింది, నిద్రల.

తల్లి దినాలైనంక పదిహేను రోజులకు దేవవ్వ ఫోన్ చేసింది. నేను గాడనే ఉన్న, బీడీల చాట ముంగటేసుకొని. "ఓదెలూ, నేను దేవవ్వను." అటు దిక్కు నుంచి, "కాయిల్ పోయిందా?" అన్నడంట. "పోలే. ఏం కరాబ్ కాలే. అంత మంచిగనే ఉన్నది" అన్నది. "మరి?" "ఊకెనే రా. నిన్ను సూడాలని ఉన్నది" అన్నది. గంతే. మూడేండ్లకు పైగ నోట్ల దాసుకున్న మాట, గంతే. అటు దిక్కు నుంచి మెల్లగ, "సామాను ఏమన్న తేవాల్నా?" అన్నడు పిచ్చోడు. "ఏం తేకు" అన్నది దేవవ్వ, అని ఏడ్చింది.

అచ్చిండా అంటరా? అచ్చిండు. సామాను సంచి లేకుండ అచ్చిండు, చేతులు యాడ పెట్టుకోవాల్నో ఎర్కలేక గడప కాడ నిలవడ్డడు. నేను నా చాట, నా ఆకులు తీసుకొని మా ఇంటికి అచ్చిన. ఏం మాట్లాడుకున్నరో నాకెర్కలే, అడగకుండ్రి. నాకు ఇద్దరి మీద ఇప్పటికీ కోపమే. అవతలి ఊరంటే నాలుగు కోసుల బాట గూడ లేదు, దానికి గిన్నేండ్లా!