గాజుముక్కలు అంటించిన గోడ

హలో… ఆయ్, నేనేనండి, ఇశ్రాయేలు మేష్టార్ని. అమలాపురం నుంచి, సున్నం కొట్లో ఫోను… పోస్టుమాస్టరు బుచ్చిరాజు గారేనా?

కుశలాలు తర్వాతండి. ఆ భూకంపం పరిశోధనవాళ్ళ లారీ… అదేనండి, నేలని కుదిపేది. మొదలెట్టేరా?

ఇంకా లేదూ… పదకొండింటికా? ఇప్పుడు పావు తక్కువ.

వినండి. మా బడి గోడకి బీటలున్నచోట అడ్డంగా ఇంజనీరు గారు గాజుముక్కలు అంటించేరు చూడండి… ఆయ్, గోడ కదిలితే అవి పగులుతాయని. నిన్న కుదిపితే ఒక్కటీ పగల్లేదు. అందుకేగా, ఇవాళ పక్కనే కాలవగట్టు కుదుపుతున్నా పిల్లల్ని లోపల కూర్చోబెట్టుకోవచ్చన్నారు…

ఎలా పగుల్తాయండి — అవి బీటల మీద లేవు.

మా వెల్ల వేసే గంగయ్యండి, ఇక్కడ నా పక్కనే ఉన్నాడు. కుదిపే రోజు పెద్ద ఆఫీసర్లు కూడా వస్తున్నారంటే, మాసిన గోడలు చూపిస్తే ఊరి పరువేం కావాలని నేనే వెల్ల వేయించేను. ఈయనేమో వెల్లకి అడ్డమని గాజులన్నీ ఊడదీసి, బీటల్లో సున్నం కూరి… మళ్ళీ అంటించేడు. వంకరటింకరగా ఉన్నాయని నూలుతాడు పట్టి, వరసగా, గట్టి గోడ మీద. ఇప్పుడే చెప్పేడు, మెచ్చుకుంటాననుకుని…

తర్వాత నవ్వుదురు గాని, పరిగెత్తండి. ఫోను పెట్టెయ్యకండి, పక్కన పడేసి వెళ్ళండి. ముందు కృపావతి టీచరుకి చెప్పండి. పిల్లల్ని ఆ గోడ పక్కనుంచి కాదు, దొడ్డి గుమ్మంలోంచి — ఆ తర్వాత లారీ…

…

ఎక్స్ఛేంజి అమ్మా, కట్ చెయ్యకమ్మా. ఇంకో మూడు నిమిషాలు వేసుకో.

ఊరుకో గంగయ్యా. ఏడిస్తే నాకు అవతలది వినపడదు.

… ఏంటా మోత? లారీయా? పదకొండు కాలేదే…

బుచ్చిరాజు గారూ… ఎవరన్నా ఉన్నారా అక్కడ… ఎవరన్నా…

…

ఆ, ఆ, ఇక్కడే ఉన్నాను. ఊపిరి తీసుకుని చెప్పండి… అందరూనా? ఒకటో తరగతి వాళ్ళు?… టీచరు తలలు లెక్కపెట్టిందా?… దేవుడికి స్తోత్రం.

గోడ… ఎంత బీట?… చెయ్యి దూరేంత.

ఇంజనీరు గారా? ఇవ్వండి.

నమస్కారమండి… ఆయ్… ఆయ్… బడి మూసెయ్యాలనే రాయండి. కొబ్బరాకు పాక వేసుకుంటాం… గాజులు తీసిందెవరనా? వెల్ల వేయించింది హెడ్మాష్టరు, ఆ పేరే రాసుకోండి… ఇశ్రాయేలు.

… లేదండి. పనివాడి పేరు నాకు గుర్తులేదు.

ఉంటానండి.