రెండో చరణం ముందు తుమ్ము

పాత పాట రీమిక్స్ విడుదల రేపే. దాన్ని తయారుచేసిన అమ్మాయి ఫోను కలిపింది. అవతల, ఆ పాటకు నలభై ఏళ్ల కిందట బాణీ కట్టిన పెద్దాయన.

"పాత రికార్డింగు వాడుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది మాస్టారూ. బాణీ మీది కదా, మీ సంతకం కూడా కావాలి."

"నువ్వు పంపిన రీమిక్స్ విన్నానమ్మా. ఈ వయసులో నాచేత గంతులేయించావు. ఇంతకీ రెండో చరణం ముందు తుమ్ము ఏదీ?"

"అదా... శుభ్రం చేసి తీసేశానండీ."

"ఎంత పని చేశావు! కోరస్‌లో తుమ్మిన ఆ పిల్లనే నేను పెళ్లి చేసుకున్నాను. తుమ్ము లేకపోతే సంతకమూ లేదు."

ఆమెకు నవ్వు ఆగలేదు. "ఇప్పుడే పెట్టేస్తానండీ! దరువుకి సరిగ్గా పడేలా మూడుసార్లు!"

"ఆగాగు, మా ఆవిడ వంటింట్లోంచి అరుస్తోంది. తుమ్ము తనదట. తన సంతకం ఎవరడుగుతారంటోంది!"